పాట, బొమ్మ, పలక: చిన్న తరగతులకు చదువు చెప్పే దారి

ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు అచ్చుల చార్టు ముందు నిలబడి అ నుంచి అః దాకా రాగం తప్పకుండా పాడాడు. తోటి పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కర్ర తీసి 'ఉ' మీద పెట్టి "ఇదేందిరా?" అన్నాను. వాడు నా మొహం చూశాడు, చార్టు చూశాడు, మళ్ళీ అ దగ్గర మొదలుపెట్టి గొణుక్కుంటూ పాడుకుంటూ ఉ దాకా వచ్చి ఆగి, "ఉ, టీచర్" అన్నాడు.

వాడికి పాట వచ్చు. అక్షరం రాదు. తప్పు వాడిది కాదు, పాడించి అక్కడితో వదిలేసిన నాది. అప్పటి నుంచి పాటనూ బొమ్మనూ ఎట్టా వాడాలి, ఎప్పుడు తీసేయాలి అన్నదే నా పని అయింది. ఒంగోలు దాటి కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ళో, ఒకటి రెండు తరగతులు ఒకే గదిలో కూర్చునే బడిలో నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. అంగన్‌వాడీలో చెప్పేవాళ్ళకూ, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకునే అమ్మానాన్నలకూ ఇది పనికొస్తుంది. సంగీతం వచ్చి ఉండాల్సిన పని లేదు.

మొదటి మెట్టు: ఏం నేర్పాలో ఒక్క ముక్కలో రాసుకోండి

"జంతువుల గురించి పాట" అని మొదలుపెడితే పాట మిగులుతుంది, పాఠం మిగలదు. "ఈ వారం పిల్లలు ఎ, ఏ తేడా విని గుర్తుపట్టి రాయాలి" అని నోటుబుక్కులో రాసుకోండి. అంత చిన్న లక్ష్యం చాలు. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా చదవడం, రాయడం, లెక్క చేయడం రావాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ చెబుతోంది. ఆ పెద్ద మాటను వారానికొక చిన్న ముక్కగా కోసుకోకపోతే మన చేతికి అందదు.

రెండో మెట్టు: పాటకు ముందు తాళం

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడతాను.

తెలుగులో అక్షరం పలకడానికి పట్టే కాలమే అర్థాన్ని మారుస్తుంది. వడ తింటాం, వాడలో ఉంటాం. మెడ మన ఒంటి మీద ఉంటుంది, మేడ ఊళ్ళో ఉంటుంది. 'పడు' అంటే ఒకటి, 'పాడు' అంటే మరొకటి. ఛందస్సులో హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు మాత్రలు అని పెద్ద తరగతుల్లో నేర్పుతాం. ఆ లెక్క ఆరేళ్ళ బిడ్డకు కూడా అందుతుంది, కాకపోతే పుస్తకంలోంచి కాదు, చేతిలోంచి అందాలి. పిల్లలు దీర్ఘాలు వదిలేసి రాస్తున్నారని మనం ఎర్ర సిరాతో దిద్దుతూ పోతాం. చాలామందికి అసలు ఆ తేడా చెవికి ఎక్కలేదు.

ఇట్టా చేయండి. పిల్లల్ని బాసింపట్లు వేసి గుండ్రంగా కూర్చోబెట్టండి. హ్రస్వానికి తొడ మీద ఒక దెబ్బ. దీర్ఘానికి ఒక దెబ్బ వేసి, ఆ చేతిని మోకాలి దాకా జార్చాలి. వడ అంటే రెండు దెబ్బలు. వాడ అంటే ఒక దెబ్బ, జారుడు, ఇంకో దెబ్బ. అక్షరం చూపించొద్దు, పుస్తకం తెరవొద్దు. మూడు రోజులు ఇంతే, రోజుకు ఐదు నిమిషాలు. మూడో రోజుకు మీరు పదం పలకకుండా చేత్తో చేసి చూపిస్తే, అది వడో వాడో పిల్లలే చెబుతారు.

ద్విత్వానికి ఇంకో సైగ. 'అటు' అంటే రెండు దెబ్బలు. 'అట్టు' అంటే మొదటి దెబ్బ తర్వాత చెయ్యి గాల్లో ఒక క్షణం ఆగి, అప్పుడు పడాలి. 'గడి, గడ్డి', 'బలి, బల్లి' అట్టాగే. ఆగిన చోట ఒత్తు ఉందని తర్వాత రాసేటప్పుడు వాళ్ళకే తోస్తుంది. "టీచర్, ఆగితే కింద ఒకటి పెట్టాలా?" అని ఒక పాప అడిగిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను చెప్పని సూత్రం అది.

ఆ తర్వాత పదాలను జతులతో, అంటే నోటితో పలికే తాళం ముక్కలతో, జత చేయండి. మూడు మాత్రలకు తకిట, నాలుగు మాత్రలకు తకధిమి. దీర్ఘానికే కాదు, ఐ, ఔలకూ, సున్నా ఉన్న అక్షరానికీ, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరానికీ రెండేసి మాత్రలు లెక్కపెట్టండి. పలక, ఉడత తకిటలో కూర్చుంటాయి. పడవలు, గిలకలు తకధిమిలో కూర్చుంటాయి. అంకెలతో ఆడితే పిల్లలకు భలే సంబరం. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు అన్నీ మూడు మాత్రలే. నాలుగుకు మాత్రం సరిగ్గా నాలుగు మాత్రలు! ఎనిమిదికీ తొమ్మిదికీ నాలుగేసి, పదికి రెండే. ఇది మీరు చెప్పేయకండి. దెబ్బలు వేసుకుంటూ వాళ్ళే కనిపెట్టనివ్వండి.

వాయిద్యాలు కొనక్కర్లేదు. కొబ్బరి చిప్పలు రెండు, కోలాటం కర్రలు, చింతగింజలు పోసిన నీళ్ళ సీసా చాలు. సీసా మూతకు గట్టిగా టేపు చుట్టండి. గింజలు ముక్కులో చెవిలో పెట్టుకునే వయసు అది.

మూడో మెట్టు: పాట మీరే కట్టండి

దొరికిన పాటలు బోలెడు ఉంటాయి. కానీ మీ వారం లక్ష్యానికి అతికేది దొరకడం కష్టం. నాలుగు పాదాలు కట్టడం అనుకున్నంత కష్టం కాదు. వడ, వాడ పాఠానికి నేను కట్టుకున్నది:

వాడలోన వడల బండి
మేడ మీద మెడను చాచి
పాడుకుంటు పడకు నాన్న
చూసి నడువు చిన్ని కన్న

ప్రతి పాదం నాలుగు తకిటలు. వాడ, లోన, వడల, బండి. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, మూడేసి మాత్రలు సరిగ్గా పడతాయి. మొదటి ముక్కలో దీర్ఘం ఉన్న పదం, మూడో ముక్కలో హ్రస్వం ఉన్న పదం వస్తాయి కాబట్టి తేడా ఒకే పాదంలో చెవిన పడుతుంది.

పాట కట్టేటప్పుడు రెండు విషయాల్లో రాజీ పడొద్దు. ఒకటి, రాగం కోసం హ్రస్వాన్ని సాగదీయకూడదు. 'పలక'ను 'పాలాకా' అని పాడిస్తే పిల్లవాడు 'పాలాకా' అనే రాస్తాడు, అందులో వాడి తప్పేమీ లేదు, విన్నది రాశాడు. నేను మొదట్లో సినిమా బాణీల్లో పాఠాలు ఇరికించి ఈ పొరపాటే చేశాను. పాట కట్టాక పాఠం తెలియని వాళ్ళెవరికైనా వినిపించి, విన్నది విన్నట్టు రాయమనండి. దీర్ఘాలు మారితే బాణీ మార్చాలి. రెండు, పాదం చివరి అక్షరం ఎంత చెప్పినా సాగుతుంది, పిల్లలు "బండీ..." అని లాగుతారు. అందుకే నేర్పాల్సిన పదాన్ని పాదం చివర పెట్టకండి, మొదట్లోనో మధ్యలోనో పెట్టండి.

ఒక బాణీ కుదిరితే ఏడాదంతా అదే వాడుకోవచ్చు. తీసివేతలకు నేను అదే తకిటలో వేసుకున్న పాదాలు:

వలకు ఐదు చేపలు పడె
తుళ్ళి ఒకటి నీట దూకె

తర్వాత "వలకు నాల్గు చేపలు మిగిలె" అని అనబోతే తాళం తప్పుతుంది, చూశారా? 'మిగిలె' ఒక మాత్ర ఎక్కువ తోసుకొస్తుంది. "నాల్గు చేపలుండె వలను" అంటే సరిపోతుంది. చివర్లో "వలను ఒకటి మిగిలి ఉండె". ఇట్టా సరిచూసుకుంటూ పోవడమే పని. ఒడ్డు ఊళ్ళలో చేపలు, రొయ్యలు, పడవలు. కనిగిరి వైపైతే మేకలు, పొగాకు చేలు. ఉదయగిరి వైపైతే చెక్క గరిటెలు. బిడ్డ కళ్ళతో చూసిన వస్తువే పాటలో ఉండాలి.

నాలుగో మెట్టు: పాట నేర్పే తీరు

మీ గొంతుకు సుఖంగా ఉన్న చోట కాకుండా పిల్లల గొంతుకు సుఖంగా ఉన్న చోట ఎత్తుకోండి. వీధి అవతల ఉన్న స్నేహితురాలిని ఒక పాప ఎట్టా పిలుస్తుందో వినండి. ఆ గొంతుకు కొంచెం కింద మొదలుపెడితే సరిపోతుంది. మగ ఉపాధ్యాయులు తమ కింది స్థాయిలో పాడితే పిల్లలు ఆ లోతుకు దిగలేక గరగరలాడతారు, లేదా అరుస్తారు. అరుపు వినిపిస్తే శ్రుతి తప్పు అని అర్థం, పిల్లల అల్లరి అని కాదు.

మొదటిసారి మొత్తం పాట మీరే పాడండి, పిల్లలు వినాలి. రెండోసారి మీరు పాడుతుంటే వాళ్ళు తాళం వేయాలి. మూడోసారి ఒక్కో పాదం మీరు, వెనకాల వాళ్ళు. కర్ణాటక సంగీతం నేర్పేవాళ్ళు సరళీ వరుసలను మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అని వేగం పెంచుతూ పాడిస్తారు. అదే ఇక్కడా పనికొస్తుంది. నెమ్మదిగా ఒకసారి, మామూలుగా ఒకసారి, ఉరుకుతూ ఒకసారి. వేగంలో దీర్ఘాలు మింగేస్తున్నారేమో గమనించండి, మింగితే వెనక్కి రండి.

శ్రుతి మీద బెరుకుంటే తెలిసినవాళ్ళ దగ్గర నాలుగు రోజులు కూర్చోండి. నెల్లూరులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, 2020లో దానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. ఊళ్ళో భజన చేసేవాళ్ళున్నా సరే, చిడతలు పట్టుకునే పెద్దాయనకు తాళం మనకంటే బాగా తెలుసు.

ఐదో మెట్టు: బొమ్మ తయారీ

అచ్చు చార్టు కంటే పిల్లల కళ్ళ ముందు బోర్డు మీద మీరు గీసే వంకర చేప బలమైనది. తోక గీసేలోపే "చేప! చేప!" అని కేకలు పెడతారు, అప్పుడు అందరి చూపూ ఒకే చోట ఉంటుంది. బొమ్మలు రావనుకునేవాళ్ళు రోజుకొక బొమ్మ చొప్పున ఇంట్లో పది గీతల్లో గీయడం సాధన చేయండి, నెలకు ముప్పై అవుతాయి.

చార్టు రాయాల్సి వస్తే అక్షరం ఎత్తు చూసుకోండి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం లెక్క. వెనక వరస ఇరవై అడుగుల దూరంలో ఉంటే అక్షరం రెండంగుళాలు ఉండాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసకూ వరసకూ మధ్య అంతే జాగా వదలండి. లేకపోతే పై వరస ఒత్తు కింది వరస తలకట్టు మీద కూర్చుంటుంది. తెల్ల కాగితం మీద పసుపు వద్దు. ఎరుపు, ఆకుపచ్చల తేడాతోనే పాఠం నడపొద్దు, ఆ తేడా కనిపించని మగపిల్లలు కొందరుంటారు. చార్టును మన కంటి ఎత్తులో కాదు, వాళ్ళ కంటి ఎత్తులో కట్టండి, నేల నుంచి మూడు నాలుగు అడుగులు.

మా దగ్గర ఉప్పు గాలికి చార్టులు వారంలో చుట్టుకుపోయేవి, టేపు ఊడిపోయేది. ఒక తండ్రి చిరిగిన పాత వల ఇచ్చాడు. రెండు కిటికీల మధ్య దాన్ని బిగించి కట్టి, బట్టల క్లిప్పులతో అట్టముక్కలు తగిలించాం. గోడకు జిగురు లేదు, మేకు లేదు. అట్ట తీసి మార్చడం పిల్లలే చేస్తారు. ఇంతకు మించిన టీఎల్ఎం (బోధనా సామగ్రి) నేను డబ్బు పెట్టి కొనలేదు.

అట్టలకు కిరాణా కొట్టు పెట్టెలు కోయండి. జానెడు పొడవు, పైసగం బొమ్మ, కిందిసగం పదం. మధ్యలో మడత పడేట్టు గీరండి, బొమ్మను వెనక్కి మడిస్తే పదం ఒక్కటే కనపడాలి. ఈ మడత ఎందుకో వచ్చే మెట్టులో తెలుస్తుంది.

ఆరో మెట్టు: కలపడం, తర్వాత ఒక్కొక్కటే తీసేయడం

సోమవారం పాట మాత్రమే. మంగళవారం పాడుతుండగా బొమ్మ అట్టలు పైకెత్తండి, 'మేడ' అన్నప్పుడు మేడ, 'మెడ' అన్నప్పుడు మెడ. బుధవారం బొమ్మ కింద ఉన్న పదాన్ని వేలితో చూపిస్తూ పాడించండి. వేలు ఒక్కో అక్షరం కింద నడవాలి, పదం మొత్తాన్ని ఒకేసారి తుడిచేయకూడదు. గురువారం బొమ్మను వెనక్కి మడిచేయండి, పాట ఉంటుంది, పదం ఉంటుంది, బొమ్మ ఉండదు. శుక్రవారం రాగం తీసేయండి. తాళం ఒక్కటే, అట్టలు తారుమారు. శనివారం తాళం కూడా లేదు, అట్ట చూపించి "చదువు" అనడమే.

గురువారం దాకా తరగతి అద్భుతంగా ఉంటుంది. శుక్రవారం సగం మంది తడబడతారు. ఆ తడబాటు కనపడటానికే ఇదంతా చేస్తున్నాం. పాట నడుస్తున్నంతసేపూ రానివాడి గొంతు వచ్చినవాళ్ళ గొంతులో దాక్కుంటుంది. నా చార్టు పిల్లవాడు అట్టాగే మూడు నెలలు దాక్కున్నాడు. శుక్రవారం ఎవరు ఆగిపోయారో పేర్లు రాసుకోండి, వాళ్ళను పై వారం బుధవారం మెట్టు దగ్గర మళ్ళీ కూర్చోబెట్టండి. మందలించాల్సిన పని లేదు.

ఎక్కాలకూ ఇదే జాగ్రత్త. రెండో ఎక్కం రాగంతో పాడే పిల్లను "ఏడు రెళ్ళు?" అని అడిగి చూడండి. ఒకటి నుంచి మొదలుపెడితే ఇంకా పాటలోనే ఉందని అర్థం.

పలకను మళ్ళీ చేతికివ్వండి

మార్కాపురం రాతి పలకలు ఒకప్పుడు దేశమంతటా బళ్ళకు వెళ్ళేవి. మన ప్రాంతపు వస్తువు మన బళ్ళలోనే కనుమరుగవుతుంటే నాకు బాధగా ఉంటుంది. పలకతో జరిగే పని నోటుబుక్కుతో జరగదు. మీరు తొడ మీద తాళం వేయండి, పిల్లలు ఆ పదాన్ని పలక మీద రాసి, "చూపు" అనగానే అందరూ ఒక్కసారే పైకెత్తాలి. ముప్పై మందిలో ఎవరికి దీర్ఘం వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. తప్పు రాసినవాడు తుడిచి మళ్ళీ రాస్తాడు, తప్పు ఎక్కడా మిగలదు.

లెక్కలకు ముగ్గు

మన వాకిట్లోనే గొప్ప బొమ్మ పాఠం ఉంది. వరండాలో నాలుగు వరసలు, వరసకు ఐదు చుక్కలు పెట్టించండి. నాలుగైదులు ఇరవై అన్నది కళ్ళకు కనపడుతుంది. పక్కకు వచ్చి నిలబడి చూడమంటే ఐదు నాలుగులు అవుతుంది, చుక్కలు మారలేదు. ఈ ఒక్క సంగతి చెప్పడానికి నేను గంటలు గంటలు మాట్లాడిన రోజులున్నాయి.

మూడో తరగతికి సందు చుక్క ఇవ్వండి. ఏడు చుక్కలతో మొదలుపెట్టి నాలుగు వచ్చేదాకా రెండు వైపులా సందు చుక్క పెడితే మొత్తం ఎన్ని? మధ్య వరస ఏడు, ఒక్కో వైపు ఆరు, ఐదు, నాలుగు కలిపి పదిహేను. మొత్తం 37. మామూలుగా లెక్కల్లో నోరు విప్పని ఆడపిల్లలు ఈ లెక్కలో ముందుకొస్తారు, ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని పెట్టిన చేతులు కదా. మగపిల్లల చేత కూడా పెట్టించండి.

తెర, టీవీ

తోలుబొమ్మలాట పద్ధతిలో కథ చెప్పడానికి పాత తెల్ల పంచె, టార్చిలైటు, అట్ట బొమ్మలు చాలు. పంచెను తలుపుకు అడ్డంగా బిగించి కట్టండి, లైటు వెనక నుంచి పడాలి. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ స్పష్టంగా, లైటు వైపు జరిపితే పెద్దదై మసకబారుతుంది. అది పిల్లలే కనిపెట్టి రాక్షసుణ్ణి పెంచుతారు. బిడియపడే పిల్లలు తెర వెనక బాగా మాట్లాడతారు.

ప్రభుత్వ బళ్ళను బాగుచేసిన నాడు–నేడు పథకంలో స్మార్ట్ టీవీ వచ్చిన బళ్ళుంటే వాడండి, కానీ శబ్దం కట్టేసి. వీడియోలో పడవ కదులుతుంటే పాట పిల్లలు పాడాలి. శబ్దం పెడితే వాళ్ళు నోరు మూసుకుని చూస్తారు. నెట్ మీద ఆధారపడకుండా ముందు రోజే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. రెండు మూడు నిమిషాల ముక్క సరిపోతుంది.

వినపడని బిడ్డ, కనపడని బిడ్డ

పాటలో ఎప్పుడూ ఒక క్షణం వెనకబడి, పక్కవాళ్ళ చేతులు చూసి తాళం వేసే బిడ్డ ఉంటే చెవి పరీక్ష చేయించమని ఇంట్లో చెప్పండి. ఆ బిడ్డను డప్పు పక్కన కూర్చోబెట్టి, అరచేయి డప్పు అంచుకు ఆనించనివ్వండి. దెబ్బ చేతికి తెలుస్తుంది. కళ్ళు చికిలించి చార్టు చూసే బిడ్డకు కంటి పరీక్ష. అప్పటిదాకా అదే పదాన్ని ఇసుక అతికించిన అట్ట మీద రాసి వేలితో తడమనివ్వండి. మాకు ఇసుకకు కొదవ లేదు.

ఇంటి పాటలు

నెలకొకసారి ఒక నాయనమ్మనో, మేనమామనో బడికి పిలవండి. నాట్లప్పటి పాటలు, జోలపాటలు, కోలాటం పాటలు వాళ్ళ దగ్గర ఉంటాయి. మా బడికి యానాదుల కాలనీ నుంచి వచ్చే ఒక పాప ఆరు నెలలు మాట్లాడలేదు. వాళ్ళ అవ్వ వచ్చి నేల మీద కూర్చుని పాట ఎత్తుకుంటే ఈ పాప పక్కన చేరి వంత పాడింది. "ఈ పిల్లేనా టీచర్ మాట్లాడదంది?" అని అవ్వ నవ్వింది. ఆ పాటలో ఉన్న చేపల పేర్లు తొమ్మిది రాసుకున్నాను, నాలుగు నాకు తెలియవు. పాపను అడిగి బొమ్మలు గీయించాం. గీసిన అట్టలన్నీ వల మీదకెక్కాయి, వాటి కింద పేర్లు రాయడం ఆ వారం పాఠం. ఆ పాట ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాను, అవ్వను అడిగాకే చేశాను. పిల్లల మొహాలున్న వీడియోలు మాత్రం గ్రూపుల్లో పెట్టను. తరగతిలో వినిపించుకోవడానికి గొంతు చాలు.